గంట తెలిస్తే చాలు

మా అత్తగారు ఎవరినీ టైమెంతైందని అడగరు. ముప్ఫై నాలుగేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. బిడ్డ ఏడుపు వినగానే, జేబు మీద తలకిందులుగా వేలాడే వాచీని వేలితో ఎత్తి చూసి, గదిలో అందరికీ వినపడేలా టైము చెప్పడం ఆవిడ పని. ఆవిడ చెప్పిందే కాగితం మీదకి ఎక్కేది. డాక్టర్లు మారారు, మంచాలు మారాయి, ఆ వాచీ మారలేదు. రిటైరయ్యాక కూడా ఇంట్లో దాన్ని గుండెల మీద పిన్నుతో తగిలించుకునే తిరిగేవారు.

అరవై తొమ్మిదో ఏట కళ్ళు పోవడం మొదలైంది. అది నడిమధ్య నుంచి పోయే జబ్బు. ఎదుటి మనిషి ముఖం పోయి చుట్టూ జుట్టూ చెవులూ మిగులుతాయట. ఆ సంగతి మాకు తెలిసింది కూడా ఒక వేళాకోళంలోనే.

"అమ్మాయ్, గోడ గడియారంలో ముళ్ళు ఎవరు పీకేశారు? అంకెలు మాత్రం వరసగా కూర్చున్నాయి" అన్నారు ఒకరోజు.

ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయింది రాదని డాక్టరు చెప్పారు. అత్తగారు తలూపి, ఇంటికొచ్చి, తన గదిలో కుర్చీ ఎక్కడుండాలో, మంచినీళ్ళు ఎక్కడుండాలో అడుగులు లెక్కపెట్టుకుని సర్దించుకున్నారు. అన్నీ సర్దుబాటయ్యాయి, టైము ఒక్కటి తప్ప.

ఒక మబ్బు రోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నారు. లేచి, పళ్ళు తోముకుని, తల దువ్వుకుని, దుప్పటి మడతపెట్టి, వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, "పాలు వచ్చాయా?" అన్నారు. అప్పుడు సాయంత్రం అయిదుంపావు. మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు.

"ఏమ్మా, నీకు రోజుకి రెండు పొద్దులు పొడుస్తున్నాయా?" అని నవ్వారు.

ఆయన మనసులో ఏమీ లేదు. అత్తగారి పెదవి చివర తెల్లటి నురగ ఇంకా ఉంది. "ఓహో" అని ఒక్క క్షణం నిలబడి, గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఆవిడ మధ్యాహ్నం పడుకోవడం మానేశారు. కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. తల వాలేది, ఉలిక్కిపడి ఎత్తేవారు, మళ్ళీ వాలేది. "కాసేపు నడుం వాల్చండి అత్తయ్యా" అంటే, "వాలిస్తే ఏ పొద్దున లేస్తానో" అనేవారు. అలా ఏడాది గడిచింది. కళ్ళు మూసి తెరిచాక ఇంకొకరిని అడగకుండా తనంతట తాను టైము తెలుసుకోవడం, ఆవిడకి కావలసింది అదొక్కటే.

మా ఆయన ఊరుకోలేదు. నొక్కితే మాట్లాడే వాచీ ఒకటి తెచ్చారు. అత్తగారు వారం రోజులు పెట్టుకుని, దాన్ని మఫ్లరులో చుట్టి సొరుగులో పడేశారు. "ఎవత్తో పిల్ల నా మణికట్టు మీద కూర్చుని ముక్కుతో గొణుగుతోంది. నాకొద్దు" అన్నారు. తర్వాత, అద్దం ఎత్తి ముళ్ళని తడిమి చూసుకునే వాచీ తెచ్చారు. అత్తగారి వేళ్ళు బిడ్డల్ని లాగిన వేళ్ళు, తడమగానే ముల్లు జరిగిపోయేది. సాయంత్రానికి ఇరవై నిమిషాలు వెనకబడేది. "చూసినప్పుడల్లా టైము మారిపోయే వాచీ ఎందుకురా, నేను చెప్పిందే టైమనుకుంటే సరిపోదూ" అన్నారు.

పాత వాచీ మాత్రం ఇంకా గుండెల మీదే ఉండేది. కనపడకపోయినా రోజూ పొద్దున్నే కీ ఇచ్చేవారు. ఒక్కోసారి దాన్ని విప్పి గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవారు. చెవి దగ్గర పెట్టుకునేవారు కాదు, గుప్పిట్లోనే. అది నేను రోజూ చూసేదాన్ని. చూడటం వేరు, అర్థం కావడం వేరు.

ఒకనాడు కీ తిరగడం మానేసింది. దాన్ని రుమాల్లో పెట్టుకుని కూడలిలో వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. అగ్గిపెట్టెలాంటి కొట్టు. ఆయన వెనకమూత విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని, చాలాసేపు తిప్పితిప్పి చూశారు.

"బాగవుతుందా?"

"బాగవుతుందమ్మా, స్ప్రింగు తెగింది, అంతే. నేను చూసేది అది కాదు. ఈ చక్రం కంపెనీది కాదు. చేత్తో కోసింది. ఒక్కో పన్నూ చూడండి."

భూతద్దం నాకిచ్చారు. నాకు కనిపించింది పసుపుపచ్చటి గుండ్రం, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు. మూత లోపలి వైపు చూడమన్నారు. పాతకాలపు రిపేరు గుర్తులు, అంకెలు, వాటి మధ్య సూదితో గీసిన ఒక చిన్న నత్త.

"ఎవరిది?"

"నత్తగారిది. అసలు పేరు నాకూ తెలీదు. ఒకప్పుడు ఆసుపత్రి ఎదురుగా రిపేర్లు చేసేవాడు. ఇప్పుడు రిపేర్లు లేవు, సొంతంగా వాచీలే చేస్తాడు, మొదటి నుంచి చివరిదాకా. ఏడాదికి రెండు, మరీ హుషారొస్తే మూడు. అందుకని మేం నత్త అన్నాం. ఆయన కోప్పడకుండా అదే గుర్తు గీసుకున్నాడు. ఇప్పుడేమంటాం?"

ఇన్నేళ్ళుగా మా ఇంట్లోనే, అత్తగారి గుండెల మీదే, ఆ నత్త ఉందన్నమాట. స్ప్రింగు మార్పించి, చిరునామా రాయించుకుని ఇంటికొచ్చాను.

"అత్తగారి కోసం నత్తగారి దగ్గరికా" అన్నారు మా ఆయన. "ఒక్క అక్షరమేగా అడ్డం, వెళ్ళిరా."

గుండీలూ దారాలూ అమ్మే కొట్టు పక్కన ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. తలుపు తీసింది ఆయన భార్య. నన్ను పైకీ కిందకీ చూసి, "చెప్పులు గడప బయట. పాదాలు ఈ తడిబట్ట మీద, తర్వాత ఈ పొడిబట్ట మీద. బట్టల అంచులు కూడా ఒకసారి దులుపుకోండి. కోపం తెచ్చుకోకండి, దుమ్ముతోనే మాకు పడదు" అంది. నాకు కోపం రాలేదు. అంత శుభ్రంగా ఉన్న నేలని నేను ఇంకెక్కడా చూడలేదు. గోడవారగా సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక తేదీ, లోపల బూడిదరంగు పొడి.

"అది ఊడ్చిన చెత్త" అంది ఆవిడ. "ఏ స్క్రూ ఎక్కడ పడిందో తెలీదు కదా. మా ఇంట్లో చెత్త కూడా మూడు నెలలు కాపురం చేశాకే బయటికి పోతుంది."

ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు. బల్ల ఆయన గుండెలదాకా ఉంది. బల్ల అంచు నుంచి ఆయన నడుముదాకా ఒక తెల్లబట్ట ఉయ్యాలలా కట్టి ఉంది, చేయి జారింది అందులో పడడానికి. ఊపిరి బిగబట్టి ఏదో పెట్టి, ఊపిరి వదిలి, అప్పుడు నా వైపు తిరిగారు. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి.

అత్తగారి వాచీ మూత చూపించాను. నత్తని చూసి ఆయన చిరునవ్వు నవ్వారు. "నర్సమ్మగారిది. మర్నాటి డ్యూటీకల్లా కావాలని నా పాత కొట్టు మెట్ల మీదే కూర్చున్నారు ఆ రోజు" అన్నారు.

నేను అన్నీ చెప్పాను. కళ్ళ సంగతి, రెండు పొద్దుల సంగతి, మాట్లాడే వాచీ, తడిమే వాచీ. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"ఇంతకీ ఆవిడకి ఏం కావాలి?"

"నిమిషాలు అక్కర్లేదండీ. గంట తెలిస్తే చాలు."

"గంట తెలియాలంటే గంట కొట్టాలి" అన్నారాయన నెమ్మదిగా, తనలో తాను అనుకుంటున్నట్టు. "పక్కన ఉన్న మీట జరిపితే ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు. ఆ తర్వాత పావుకి ఒకటి చొప్పున జంట దెబ్బలు. లోపల తీగ, తీగకి సుత్తి. నేను ఇంతవరకూ చెయ్యలేదు. చెయ్యాలని మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఉంది."

"కొట్టించండి" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ గుర్తే. మన భాషలో ఆ గంటా ఈ గంటా ఒకటే మాట. అందుకేనేమో, గంట చెవిలోంచి కాక ఇంకో దారిన కూడా రావచ్చని నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు.

"ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి. చేతిలో పెట్టి చూడాలి."

"మెట్లు ఎక్కలేరండీ. ఏం కావాలన్నా నన్నడగండి. పదిహేడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ గురించి నాకు తెలియనిదేమీ లేదు."

ఆయన నన్ను ఒకసారి చూసి సరేనన్నారు.

ధర చెప్పినప్పుడు మా ఆయన చాలాసేపు గోడ గడియారం కేసి చూసి, "చేయమను" అన్నారు. అత్తగారికి కూడా చెప్పాం. "నాకోసం వాచీ పుడుతోందా? నెలలు నిండేసరికి ఎన్నాళ్ళు?" అని అడిగారు. ఏడాది పైనే అంటే, "ఏనుగు కాన్పు" అని నవ్వారు. గంట కొడుతుందని చెప్పినప్పుడు మాత్రం నవ్వు కొంచెం ఆగింది. "బాగానే ఉంటుందిలే" అన్నారు.

నెలకోసారి వెళ్ళి చూసేదాన్ని. మొదట చట్రం, తర్వాత చక్రాలు. ఒకరోజు గోరంత ఇనపబిళ్ళ ఒకటి చూపించారు. గుండ్రంగా మొదలై మెట్లుమెట్లుగా లోపలికి తిరిగింది. "దీన్ని కూడా నత్తే అంటాను. పన్నెండు మెట్లు. లోపలి వేలు ఏ మెట్టు మీద ఆగితే అన్ని దెబ్బలు. ఒక్క మెట్టు వెంట్రుకవాసి ఎత్తయితే అయిదుకి ఆరు కొడుతుంది" అన్నారు.

ఇవన్నీ ఆరు నెలల్లో అయిపోయాయి. తీగ ఒక్కదానికే ఎనిమిది నెలలు పట్టింది. ఉక్కుతీగని వాచీ లోపలి అంచు వెంట గుండ్రంగా వంచి, మొదలు దగ్గర ఆకురాయితో ఒక్క రాపిడి రాసి, సుత్తితో మోగించి వినేవారు. ఆయన వింటే సరిపోదు. లోపలి గదిలోంచి భార్య తీర్పు రావాలి.

"తడిగా ఉంది" అనేది ఆవిడ.

మళ్ళీ రాపిడి.

"పక్కింట్లో గిన్నె పడ్డట్టుంది."

ఇంకో రాపిడి. రెండుసార్లు ఎక్కువ రాసి తీగ పాడైంది, కొత్తది వంచారు. "ముప్ఫై ఆరేళ్ళుగా ఈవిడ నా వంటకి వంకపెట్టలేదండీ" అన్నారాయన ఒకరోజు. "నేనెప్పుడూ వండలేదు. అదంతా దీని మీద తీర్చుకుంటోంది."

"అవునవును, మీరు వండి ఉంటే ఇప్పటికి అన్నం ఎసట్లో ఉండేది" అంది లోపలి నుంచి.

చివరికి ఒకరోజు ఆవిడ "పరవాలేదు" అంది. అంతకు మించి అనలేదు. ఆయనకి అది సరిపోలేదని ముఖంలో తెలిసింది. కానీ వాచీ మూత బిగించారు.

ఒక ఆదివారం, నేను అడగకుండానే ఆయనే మా ఇంటికి తెచ్చారు. చొక్కా లోపలి జేబులో, మెత్తటి తోలు సంచిలో. తెల్లటి డయలు మీద పేరు లేదు, కింద అంచులో కందిగింజలో సగమంత నత్త. అత్తగారు కుర్చీలో, ఎప్పటిలా ఎడమవైపు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను కుడివైపు నిలబడ్డాను.

"పాత దానికి చక్రం కోసింది నువ్వేనటగా నాయనా."

"నేనేనమ్మగారూ. ఇది చేతిలో పట్టుకోండి. బొటనవేలితో ఈ మీట కిందకి జరిపి వదిలెయ్యండి."

జరిపారు. ఆ చప్పుడు ఎలాంటిదో నేను సరిగ్గా చెప్పలేను. ఖాళీ గాజు గ్లాసు అంచుని పక్క గదిలో ఎవరో చెంచాతో ఒక్కసారి తాకితే ఎలా ఉంటుందో, అలా నాలుగుసార్లు. ఆ తర్వాత రెండు జంటలు. మా ఆయన చేతిలో టీ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

"టైమెంతమ్మా?" అన్నారు.

"నాలుగున్నర" అన్నారు అత్తగారు.

నాలుగున్నరే. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నత్తగారు సంతోషంగా వాచీ తీసుకుని, తొమ్మిది ఎలా వినపడుతుందో చూపిద్దామని ముళ్ళు తిప్పి, మళ్ళీ అత్తగారి చేతిలో పెట్టారు. "ఇంకోసారి జరిపి చెప్పండి."

తొమ్మిది దెబ్బలు. ఒక జంట.

అత్తగారు అదే చిరునవ్వుతో, "నాలుగున్నర" అన్నారు.

నాలుగింటికి నేను టీ ఇచ్చాను. టీ తాగి అరగంటయింది. ఆవిడ చెప్పింది ఆ లెక్క.

మా ఆయన వంగి, "అమ్మా, వినపడలేదా?" అన్నారు.

"సన్నటివి వినపడవు. రెండేళ్ళయింది. నీ మాట వినపడుతుంది, అమ్మాయి మాట బాగా వినపడుతుంది. ఆడపిల్లల గొంతులూ, పిట్టలూ, ఆ మాట్లాడే వాచీ, అవేవీ లేవు."

నాది బొంగురు గొంతు. కాలేజీలో పాటల పోటీకి పేరిస్తే నవ్వినవాళ్ళున్నారు. ఆ గొంతు ఒక్కటే ఆవిడకి మిగిలిందని నాకు తెలియదు.

"చెప్పలేదేమ్మా?"

"కళ్ళు పోతున్నాయని చెప్తే మెట్లు దిగనివ్వడం మానేశారు. చెవులు కూడా అంటే ఇంకేం మాన్పించేవారో."

కాలింగ్ బెల్లు మోగినా కదలకుండా కూర్చునే అత్తగారు. కుక్కరు అయిదోసారి కూత వేస్తున్నా పక్క గదిలోంచి కేకెయ్యని అత్తగారు. కోడలుందిగా లెమ్మనే దర్పం అనుకున్నాను రెండేళ్ళుగా. పైకి ఒక్క మాట అనలేదు, అనలేదన్న గర్వం కూడా ఉండేది. ఆ కుర్చీ ఎందుకు ఎడమవైపు గోడకి ఆనుకుని ఉందో, ఎప్పుడూ కుడిచెవే మావైపు ఎందుకుంటుందో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

అత్తగారు వాచీని ఇంకా వదల్లేదు. పాత అలవాటు కాబోలు, బొటనవేలు ముందువైపు పెట్టి, రెండు వేళ్ళు వెనకమూతకి ఆనించి మళ్ళీ మీట జరిపారు. పెదవులు కదిలాయి.

"ఇందులో ఏదో కొట్టుకుంటోంది నాయనా" అన్నారు. "నాడి అందని మనిషి చెయ్యిలా ఉంది. ఒకటి, రెండు, మూడు... తర్వాత జారిపోతోంది. ఉంది, కానీ అందడం లేదు."

నత్తగారు ఆవిడ వేళ్ళ కేసే చూస్తున్నారు. కాసేపటికి వాచీ తీసుకుని తోలు సంచిలో పెట్టుకున్నారు. "పది రోజులివ్వండి" అని లేచారు. టీ తాగలేదు.

నాలుగో రోజు వెళ్ళాను. పాదాలు తడిబట్ట మీదా పొడిబట్ట మీదా రుద్దుకున్నాను. ఆవిడ ఈసారి ఏమీ అనలేదు. "మూడు రోజులుగా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. మూత విప్పలేదు" అంది గుసగుసగా.

"తప్పు నాదండీ" అన్నాను ఆయనతో. "తీసుకురమ్మని మీరు అన్నారు. నేనే అంతా తెలుసన్నాను."

"గంట అంటే గంటే అనుకున్నాను నేనూ. ముప్ఫై ఏళ్ళ కోరిక ఎదురుగా కనిపిస్తే, ఇంకేం అడుగుతాను."

"దీన్ని వినగలిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. ఆవిడకి ఇంకేదైనా..."

"ఇంకోటంటే ఇంకో ఏడాదిన్నర. ఆవిడ వేళ్ళకి ఇప్పుడున్న పట్టు అప్పటికి ఉంటుందా?" అన్నారు. "దెబ్బలో బలం లేక కాదమ్మా. ఉన్న బలమంతా తీగ తినేసి చప్పుడు చేస్తోంది. తీగ తీసేసి, సుత్తి నేరుగా చట్రాన్ని కొట్టేలా దిమ్మ పెడితే, చప్పుడుండదు. దెబ్బ అంతా చేతికొస్తుంది." ఆగి, మెల్లగా అన్నారు. "గంట తెలియాలంటే గంట తీసెయ్యాలి."

ఆ మాట చెప్పడానికే ఆయనకి మూడు రోజులు పట్టిందని అర్థమైంది.

మూత విప్పారు. పట్టకారు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టి, "ఏమోయ్, ఒకసారి ఇలా రా" అన్నారు. ఎనిమిది నెలలూ లోపలి గదిలోంచే తీర్పు చెప్పిన ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఆయన మీట జరిపారు. పదకొండు దెబ్బలు, మూడు జంటలు. చివరి చప్పుడు సన్నబడి ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"ఇప్పుడు చెప్పు."

"బాగుంది" అంది ఆవిడ. "మొన్నే బాగుంది. బాగుందంటే ఇచ్చేస్తారని పరవాలేదన్నాను."

ఆయన ఊపిరి బిగబట్టి రెండు స్క్రూలు విప్పారు. తీగ పట్టకారు కొసన ఒకసారి వణికింది. దాన్ని కాగితం మీద పెట్టారు. ఆవిడ ఆ కాగితాన్ని చిన్న పొట్లంగా మడిచి లోపలికి తీసుకెళ్ళింది. సీసాల్లో మాత్రం వెయ్యలేదు.

దిమ్మ కోసి, అమర్చి, సరిచూసుకోవడానికి ఆరు రోజులు పట్టింది. చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ముళ్ళు ఆవిడ చేత తిప్పించి, ఆయన వేళ్ళతో లెక్క చెప్పేవారట. నలభైసార్లు వరసగా సరిపోయాకే మూత బిగించారట. ఆ సంగతి ఆవిడే తర్వాత నాకు చెప్పింది.

పదోరోజు పొద్దున వచ్చారు. అత్తగారు వాచీ అందుకుని, రెండు వేళ్ళు వెనక ఆనించి మీట జరిపారు. గదిలో మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఆవిడ తల కొంచెం పక్కకి వంచి, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడినట్టే, ఎవరినీ పట్టించుకోకుండా లెక్కపెట్టుకున్నారు. తెలియకుండానే నేను ఊపిరి బిగబట్టాను.

"పదింపావు" అన్నారు.

నత్తగారు వాచీ తీసుకుని ముళ్ళు తిప్పి ఇచ్చారు.

"ఏడు ముప్పావు." మళ్ళీ తిప్పారు. "రెండు. ఒట్టి రెండే, పావుల్లేవు. బలే గట్టి నాడి నాయనా దీనిది. ఇంక చాలు, సరైన టైము పెట్టి నాది నాకిచ్చెయ్యి."

ఈసారి ఆయన టీ తాగారు. గుమ్మం దాటుతూ ఆగి, "మొదట్లో దీనికో గంట ఉండేదమ్మగారూ" అన్నారు, చెప్పాలో వద్దో తెలియనట్టు.

"తెలుసు. నా కొడుకు టైమెంతని అడిగిన గొంతులోనే తెలిసింది ఆ రోజు" అన్నారు అత్తగారు. "బాగుండి ఉంటుంది."

"బాగుండేదండీ" అని ఆయన మెట్లు దిగారు.

ఆ మధ్యాహ్నం వంటిల్లు సర్ది, నేను ముందుగదిలోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. భయం వేసి గదిలోకి తొంగిచూశాను. అత్తగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వాచీ గుప్పిట్లో ఉంది. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. కాలింగ్ బెల్లు మోగితే నేనే పరుగెత్తి తీశాను, ఆవిడకి వినపడదని తెలిసినా.

చాలాసేపటికి మంచం కిర్రుమంది. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆవిడ లెక్కపెట్టుకుంటున్నారని తెలిసి, నేను వంటింట్లోనే ఆగిపోయాను.

"నాలుగుంపావు" అన్నారు లోపలి నుంచి, అందరికీ వినపడేలా. "టీ ఇంకా పెట్టలేదా అమ్మాయ్?"